తోమిన తుపాకీ

మార్కాపురంలో తుపాకుల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ఆ కొట్టు మెట్టెక్కి లోపల కూర్చున్నవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పనిబడి వచ్చినవాళ్లు కూడా నల్ల పలకరాయి మెట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి, కావలసింది అడిగి, సంతకం గీకి వెళ్లిపోతారు. పక్కన జిరాక్సు దుకాణం ముందు పొద్దస్తమానం జనమే. అటువైపు టీ బంకు బెంచీ ఖాళీగా ఉన్న పాపాన పోలేదు. మధ్యలో సౌభాగ్యమ్మ కొట్టు ముందు కుక్క కూడా పడుకోదు. తూటాలమ్మే చోట నిలబడి కష్టసుఖాలు ఎవరు చెప్పుకుంటారు?

భర్త జాన్సన్ పోయాక లైసెన్సు ఆమె పేరు మీదికి మారింది. మారేటప్పుడు దానికి ఒక షరతు తగులుకుంది. ఒంటరి ఆడమనిషి, వెనక గదిలో కాపురం, ముందు గదిలో ఆయుధాలు. కాబట్టి లైసెన్సుదారు తప్ప వేరెవరూ రాత్రిపూట ఆ ఆవరణలో ఉండకూడదని పోలీసులు సిఫార్సు చేశారు, పైవాళ్లు దాన్ని కాగితం మీదికెక్కించారు. ఆమె మంచికే ఎక్కించారు. ఆ మంచి పుణ్యమా అని దర్శి నుంచి కూతురు ఫెబీ పిల్లల్ని తీసుకొచ్చినా సాయంత్రం బస్సుకు తిరిగిపోవలసిందే. క్రిస్మస్ రోజైనా అంతే. పిల్లలు ఏడుస్తూ బస్సెక్కుతారు. ఈమె బస్టాండులో చెయ్యి ఊపి, ఇంటికొచ్చి, ముందుగది ఇనుప తలుపుకు రెండు తాళాలు వేసి, ప్రార్థన చేసుకుని పడుకుంటుంది. అయినా కొట్టు మూసెయ్యమని ఎవరన్నా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. మెట్టు మీద ఒక కాలే పెట్టనీ, పెట్టే మనుషులు కొట్టున్నంత వరకే కదా వస్తారు.

ఆ సోమవారం పొద్దున ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లైసెన్సు రెన్యూవల్ కోసం గురువారం డిప్యూటీ తహసీల్దారు, ఎస్సై తనిఖీకి వస్తారట. అన్నీ సిద్ధంగా పెట్టుకోమన్నారు. తనిఖీలో తేడా వస్తే రెన్యూవల్ ఆగుతుంది. రెన్యూవల్ ఆగితే కొట్టు లేదు.

సౌభాగ్యమ్మ చద్దన్నం తిని పనిలోకి దిగింది. ఇసుక బకెట్లు నింపింది. మంటలార్పే సిలిండరు మీది దుమ్ము తుడిచింది. తర్వాత ఇనుప బీరువా తెరిచి తుపాకులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టుకుంది. పొడుగాటి కడ్డీకి గుడ్డపీలిక చుట్టి గొట్టంలోకి దూర్చి లాగితే మొదట నల్లగా వస్తుంది. గుడ్డ మార్చి మళ్లీ లాగాలి. తెల్లగా వచ్చేదాకా వదలకూడదు. ఆ తర్వాత నూనె పట్టించి, చెయ్యి తగలకుండా గుడ్డతోనే పట్టుకుని లోపల పెట్టాలి. ఈ పని చేస్తున్నంత సేపూ ఆమె కీర్తనలు కూనిరాగం తీస్తుంది. వినేవాళ్లు లేరు కాబట్టి శ్రుతి గురించి బెంగ లేదు.

అమ్మకం తుపాకులు తుడవడం అయిపోయింది. ఇక మిగిలింది డిపాజిట్ తుపాకీ. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులున్న రైతులంతా వాటిని స్టేషన్లోనో, ఇలాంటి కొట్లోనో అప్పగించాలి. ఎన్నికలయ్యాక తిరిగి తీసుకుపోవాలి. అప్పగించిన ప్రతి తుపాకీకీ జాన్సన్ కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. డబ్బారేకు కత్తిరించి రెండు బిళ్లలు చేసి, ఉక్కు అచ్చులతో రెండిటి మీదా తుపాకీ నంబరు కొడతారు. ఒకటి తుపాకీకి కడతారు, ఒకటి ఆసామికిస్తారు. చదువు రానివాళ్లు కాగితం రసీదు పారేస్తారు గానీ బిళ్ల పారెయ్యరు. ఈసారి అందరూ బిళ్లలిచ్చి తుపాకులు తీసుకుపోయారు. ఒక్క అంకన్న రాలేదు. అతనిది పుల్లలచెరువు అవతల, అడివి అంచున పల్లె. గొర్రెల మందను తోలుకుని కృష్ణ వైపు మేతకు పోయాడు. వానలు పడితేగానీ తిరిగిరాడు.

అంకన్న తుపాకీ వాళ్ల నాయన నాటిది. పాత ఒంటిగొట్టం తుపాకీ, అడవిపందుల నుంచి కందిచేను కాపాడుకోవడానికి. సౌభాగ్యమ్మ గొట్టం శుభ్రం చేసి, నంబరు సరిచూసుకుందామని కళ్లజోడు పెట్టుకుంది. గొట్టం మొదట్లో నంబరు ఉండవలసిన చోట ఇనుము పూజలో పెట్టిన చెంబులాగా మెరుస్తోంది. నంబరు లేదు. వాకిట్లో వెలుగుకు తీసుకుపోయి చూసింది. వేలితో తడిమింది. భూతద్దం పెట్టింది. మొదటి అంకె ఒకటో ఏడో, దాని తాలూకు గీత ఒకటి లీలగా కనిపించింది. మిగతాదంతా నున్నగా ఉంది.

నంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే చెరిపింది వాళ్లేనని ముందు అనుకుంటారు. కాదని రుజువు చేసుకోవలసింది వాళ్లే. పైగా అప్పగింత రోజు, తుపాకీ మీద నంబరు సరిచూసి తీసుకున్నానని తనే సంతకం పెట్టింది.

మరి ఆ రోజు ఎందుకు చూడలేదు? ఎందుకో ఆమెకు బాగా తెలుసు. అంకన్న తుపాకీ బల్ల మీద పెట్టి, సంతకం చేసి, బీడీ కోసం బయటికి పోయాడు. వెంట వచ్చిన పెళ్లాం పోలమ్మ మాత్రం ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చి నేల మీద చతికిలబడి, మంచినీళ్లడిగి తాగి, చుట్టూ చూసింది.

"నువ్వొక్కదానివే ఉంటావా వదినా, ఇన్ని తుపాకులు పెట్టుకోని?"

ఆ ప్రశ్న అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు. సర్కారు అడిగింది గానీ అది వేరే రకం అడగడం. సౌభాగ్యమ్మ టీ పెట్టింది. గొర్రెల గురించి, మనవళ్ల గురించి, రాత్రిళ్లు ఎవరినీ ఉండనివ్వని షరతు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఆ మాటల్లోనే లైసెన్సు పుస్తకం చూసి రేకు మీద నంబరు కొట్టింది. తెలిసిన తుపాకీ, తెలిసిన మనుషులు, ఇంకేం చూడాలి? బిళ్ల చేతికిస్తూ, జాగ్రత్త వదినా, ఇది పోతే తుపాకీ పోయినట్లే అని కూడా చెప్పింది. ఒక్క అరగంట మనిషి తోడు దొరికినందుకు ఇప్పుడీ జరిమానా.

మర్నాడు ఆమె కొట్టుకు తాళాలు వేసి ఎర్రగొండపాలెం బస్సెక్కింది. అక్కడ దిగి, మళ్లీ ఆటో పట్టుకుని పల్లె చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. పోలమ్మ గుడిసె ముందు పందిట్లో కుంటి గొర్రెపిల్లకు వేపమండలు తినిపిస్తోంది. మందతో నడవలేదని దాన్ని ఇంట్లో వదిలిపోయారు. సౌభాగ్యమ్మను చూసి ఆమె మొహం చాటంతయింది.

"వచ్చినావా వదినా, మా ఇల్లు వెతుక్కోని" అంటూ లేచి మంచం వాల్చింది. బిందెలో అడుగున ఉన్న నీళ్లు వంచి చెంబుతో ఇచ్చింది. ట్యాంకరు వచ్చి మూడో నాడట. ఉన్నవాటిలోంచే టీకి కూడా గిన్నె పెట్టింది.

సౌభాగ్యమ్మ నేరుగా విషయానికి రాలేకపోయింది. తుపాకీ భలే తళతళలాడుతోంది, ఏం చేస్తారు దాన్ని అని అడిగింది. పోలమ్మ పొంగిపోయింది. దసరాకు కొడవళ్లు, గొడ్డలి, గొర్రెల ఉన్ని కత్తెర, తుపాకీ అన్నీ వరసగా పెట్టి చింతపండు, ఇటుకపొడి కలిపి తోముతుందట. ఈ పని అత్త నేర్పింది. అత్తకు వాళ్లత్త నేర్పింది. నీళ్లకు కరువైన ఊళ్లో చింతపండయితే చెంబెడు నీళ్లతో తేలిపోతుంది. అద్దంలాగా అయ్యాక బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు.

"బొట్టు యాడ పెడతావు వదినా?"

పోలమ్మ పక్కనున్న రోకలి అందుకుని తుపాకీలాగా ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. ఎడమ చేత్తో ఒక కొస పట్టుకుని, కుడి బొటనవేలితో మొదట్లో ఒక చోట గట్టిగా రుద్ది చూపించింది. "ఈడ. మొదలు గదా. ఈడ మురికి గుంటల్లో పట్టుకోనుంటాది. అది పోయిందాకా తోమాల."

ఆ మురికి పట్టిన గుంటలే నంబరని సౌభాగ్యమ్మ అప్పుడు చెప్పింది. మెల్లగానే చెప్పింది. నంబరు లేని తుపాకీ దొంగ తుపాకీ కింద లెక్క అనీ, గురువారం ఆఫీసర్లు వస్తున్నారనీ, నువ్వు వచ్చి పండక్కి తోమితే అరిగిందని ఒక్క మాట చెబితే నమ్ముతారనీ అంది. వింటూ వింటూ పోలమ్మ రోకలి పక్కన పెట్టింది. అందులో చివరి మాట ఆమె చెవికెక్కినట్లు లేదు.

"అంటే నా మొగుణ్ణి జైల్లో ఏపిచ్చేదానికి ఇంత దూరం వచ్చినావా?"

"అట్ల కాదు వదినా..."

"నీ కాడ అచ్చులున్నాయి గదా. బిళ్ల మీద కొట్టినట్ల దాని మీద గూడ కొట్టు. ఎవురికి తెలుస్తాది?"

అట్లా కొడితే ఇద్దరమూ జైలుకే పోతామని సౌభాగ్యమ్మ చెప్పబోయింది. పోలమ్మ గొర్రెపిల్లను చంకన వేసుకుని గుడిసెలోకి పోయి తడిక లాక్కుంది. పొయ్యి మీద టీ పొంగి మంట ఆరిపోయింది. సౌభాగ్యమ్మ కాసేపు కూర్చుని, గిన్నె దించి పక్కన పెట్టి, ఆటో కోసం నడిచింది. దారి పొడవునా ఆమెకు ఏడుపు వచ్చింది. తనిఖీ కోసం కాదు. ఉన్న ఒక్క వదినా పోయింది.

బుధవారం మధ్యాహ్నం ఆమె అచ్చుల పెట్టె తీసింది. అంకెకో ఉక్కు ముక్క, జాన్సన్ చేతి నూనె ఇంకిన చెక్కపెట్టె. తుపాకీని చెక్కదిమ్మ మీద కదలకుండా బిగించింది. మొదటి అంకె అచ్చును మెరుస్తున్న చోట నిలబెట్టింది. సుత్తి ఎత్తింది. నిజం చెప్పాలంటే ఆమెను ఆపింది భయం కాదు. రోడ్డు మీద ఎవరూ ఇటు చూడటం లేదు, ఎప్పుడు చూశారు గనక? బిళ్ల మీద తెలియక కొట్టింది పొరపాటు. ఇప్పుడు తెలిసి కొట్టేది అబద్ధం. రేపటి నుంచి ఈ ఇంట్లో తనతో పాటు ఆ అబద్ధమొక్కటే కాపురం ఉంటుంది. ఆ తోడు ఆమెకు వద్దనిపించింది. సుత్తి దించింది. అలాగని ధైర్యమూ రాలేదు. తుపాకీని బీరువాలో నంబరు చోటు గోడవైపుకు తిప్పి నిలబెట్టి, బిళ్ల ముందుకు వేలాడేసింది. అదీ ఒక రకం అబద్ధమేనని ఆమెకు తెలుసు.

గురువారం జీపు వచ్చింది. డిప్యూటీ తహసీల్దారు పెద్దమనిషి, ఎండకు సొమ్మసిల్లినట్లున్నాడు. ఎస్సై కుర్రవాడు. వాళ్లు తలుపులు, తాళాలు, ఇసుక బకెట్లు చూశారు. తూటాల పెట్టెలు లెక్కపెట్టారు. అమ్మకం తుపాకుల నంబర్లు ఎస్సై చదువుతుంటే పెద్దాయన టిక్కులు పెట్టాడు. అంకన్న తుపాకీ దగ్గరికి వచ్చేసరికి ఎస్సై దాన్ని బయటికి తీయనే లేదు. వేలాడుతున్న బిళ్ల చదివాడు. పెద్దాయన టిక్కు పెట్టాడు. అంతే. ఆమె తన చేత్తో కొట్టిన రేకును చదువుకుని వాళ్లు తృప్తి పడ్డారు.

సౌభాగ్యమ్మ పక్క బంకు నుంచి టీ తెప్పించింది. పెద్దాయన సంతోషంగా తాగి, జేబులోంచి పెన్ను తీస్తూ, మాట వరసకు అన్నాడు.

"ఆ డిపాజిట్ తుపాకీ కూడా తొందరగా పంపించెయ్యండమ్మా. ఇప్పుడు అడివి దారిలో చెక్‌పోస్టు గట్టిగా ఉంది. గొట్టం మీద నంబరు చూడందే వదలడం లేదు. కాగితాలు దగ్గరుంచుకోమనండి."

పెన్ను కాగితం మీద ఆనింది. సౌభాగ్యమ్మకు చెక్‌పోస్టు దగ్గర అంకన్న కనిపించాడు. భుజాన తుపాకీ, తలకు తుండు, చేతిలో తను సంతకం పెట్టిచ్చిన కాగితం. అడివి దారిలో నంబరు లేని తుపాకీ పట్టుకున్నవాణ్ణి వేటగాడనే అంటారు. పోలమ్మ అన్నట్లే అవుతుంది. ఆమె మొగుణ్ణి జైల్లో వేయించింది తనే అవుతుంది, నోరు మూసుకుని.

"సార్, సంతకం పెట్టొద్దు. ఒకసారి ఆ గొట్టం చూడండి."

చూశారు. ఆమె అంతా చెప్పింది. చింతపండు, ఇటుకపొడి, బొట్టు, ఆ రోజు తాను మాటల్లో పడి చూడకపోవడం. పెద్దాయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు కోపం కంటే విసుగే ఎక్కువ వచ్చింది. ఎస్సై మాత్రం తుపాకీని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తూ అన్నాడు.

"ఇంకొక్క నిమిషం ఊరుకుని ఉంటే అయిపోయేది గదమ్మా."

"తెలుసు నాయనా" అంది సౌభాగ్యమ్మ.

పంచనామా రాశారు. ఆసామి తరఫు మాట కూడా తీసుకుంటామన్నారు. మీ అంతట మీరు చెప్పారు కాబట్టి అదే రాస్తాను, పైన ఏమంటారో మాత్రం నా చేతిలో లేదు అన్నాడు పెద్దాయన. పై నుంచి ఆర్డరు వచ్చేదాకా సరుకంతా స్టేషన్లో ఉండాలి. సాయంత్రంలోగా తుపాకులు, తూటాలు జీపులోకెక్కాయి. ఇనుప బీరువా ఖాళీ అయింది. బీరువాకు గానీ, తలుపుకు గానీ సీలు వెయ్యలేదు. వెయ్యడానికి లోపల ఏముంది గనక. బయట మాత్రం, లావాదేవీలు నిలిపివేయబడినవి అని కాగితం అంటించారు. జిరాక్సు దుకాణం ముందు జనం మొదటిసారి ఇటు తిరిగి చూశారు.

శుక్రవారం ఆమె తలుపు తియ్యలేదు. శనివారం సాయంత్రం, ఉన్నదేమిటో చూద్దామన్నట్లు తలుపు తీసి ఖాళీ బల్ల తుడుస్తుంటే, మెట్టు మీద ఎవరో కూలబడ్డ చప్పుడైంది. పోలమ్మ. బస్టాండు నుంచి నడిచి వచ్చినట్లుంది, మడమల దాకా దుమ్ము.

సౌభాగ్యమ్మ నీళ్లు తెచ్చిచ్చింది. పోలమ్మ తాగి, చెంబు ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"కానిస్టేబులు వచ్చినాడు. నంబరు ఎవురు గీకేసినారని అడిగినాడు. గీకలేదు నాయనా, తోమినా అని చెప్పినా. తుపాకీ మా ఆయనదే గాని తోమేది నేను, జైల్లో ఏసుకుంటే నన్ను ఏసుకో అన్నా. రోకలి తెచ్చి తోమి గూడ చూపిచ్చినా. నవ్వినాడు. ఏలిముద్ర ఏపిచ్చుకోని పోయినాడు."

"భయం కాలేదా వదినా?"

"కాకుండా ఉంటాదా? నువ్వే ముందు చెప్పినావంట గదా, నీ కొట్టు పోగొట్టుకోని. కానిస్టేబులే అన్నాడు. ఆ పొద్దు టీ గూడ పొయ్యకుండా పంపిస్తి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు." అని కొంగుముడి విప్పింది. "ఇదిగో, నీ బిళ్ల. జాగర్త అన్నావు గదా. దేవుని గూట్లో పెట్టినా."

సౌభాగ్యమ్మ బిళ్ల అందుకుంది. రేకు వెండిలాగా మెరుస్తోంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అంకెలు కొట్టిన చోట నాలుగు మసక మచ్చలు తప్ప ఏమీ లేదు.

"దీన్ని గూడ తోమినావా వదినా?"

"శుక్రవారం శుక్రవారం" అంది పోలమ్మ గర్వంగా. ఆ మరుక్షణం ఏదో తట్టి నాలుక కరుచుకుంది.

సౌభాగ్యమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ల నీళ్లు పెట్టుకుంది. జాగ్రత్త అని తాను ఇచ్చిన రేకుముక్కను ఇంత అపురూపంగా చూసుకున్న మనిషి మీద ఇక కోపం ఎక్కడ మిగులుతుంది? బిళ్లను తన కొంగున ముడి వేసుకుంది.

పోలమ్మ లేచి చీర దులుపుకుంది. ఆఖరి బస్సు పోతే మళ్లీ పొద్దున్నేనట, కుంటి గొర్రెపిల్లను పక్కింటోళ్లకు అప్పజెప్పి వచ్చిందట. సౌభాగ్యమ్మ అలవాటుగా గోడ గడియారం వైపు చూసింది. ఫెబీ వచ్చినప్పుడు కూడా ఈ వేళకి ఇలాగే చూస్తుంది, పిల్లల బట్టలు సర్దమని చెబుతుంది. పోలమ్మను బస్సెక్కించి వద్దామని చెప్పులు వేసుకోబోయి, ఆగి, వెనక్కి తిరిగి ఇనుప బీరువా చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క తూటా కూడా లేదు. కాపలా కాయడానికి ఏమీ లేనప్పుడు ఎవరు పడుకుంటే ఎవరికేం?

"పోవద్దులే వదినా. ఈ పొద్దు ఈడనే పండుకో."

"మీ సర్కారోళ్లు ఒప్పుకోరంటివే?"

"తుపాకులుంటే ఒప్పుకోరు. ఇప్పుడు యాడుండాయి?"

ఆ మాట అంటున్నప్పుడు సంతోషంగా ఉండటం సౌభాగ్యమ్మకు కొంచెం సిగ్గనిపించింది. ఆర్డరు ఎలా వస్తుందో తెలియదు. అనుకూలంగా వస్తే మళ్లీ తుపాకులొస్తాయి, షరతూ వస్తుంది. రాకపోతే కొట్టే ఉండదు. దేనికి ప్రార్థన చెయ్యాలో ఆ సాయంత్రం ఆమెకు తోచలేదు. రోజూ వేసే దానికి ఇంకో గ్లాసు బియ్యం కలిపి కడిగింది. రేపు ఆదివారం, ఫెబీకి ఫోను చేసి పిల్లలతో రమ్మని, సోమవారం దాకా ఉండమని చెప్పాలనుకుంది.

పోలమ్మ అప్పటికే వెనక గదిలోకి పోయి, పెరటి తూము దగ్గర గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. "మాడిపోయినాయి గదా ఇవన్నీ. చింతపండు యాడ పెట్టినావు?" అని అక్కడి నుంచే అడిగింది.

సౌభాగ్యమ్మ డబ్బా తీసిచ్చింది. పొద్దు వాలుతోందని చూసి ముందుగది ఇనుప తలుపుకు రెండు తాళాలూ వెయ్యబోయి, ఎందుకన్నట్లు వాటిని బల్ల మీద పెట్టేసి, వచ్చి వదిన పక్కన కూర్చుంది.